మన ఇంటి చరిత్రను వెదకుట ఎట్లు?
(ప్లాటినం జూబిలీ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠము)



బరంపురంలో పుట్టి పెరిగిన మనలను ఏ పెండ్లిలోనో "మీ అసలు ఊరేది?" అని అడిగితే, చాలామందిమి "మూడు తరాలుగా ఇక్కడే" అని ఊరకుంటాము. దానికి ముందు సంగతి తెలుసుకొనే మార్గాన్ని గురించి, నేను పడిన పాట్లు ఆధారంగా, నాలుగు మాటలు మనవి చేస్తాను.

మొదటి మెట్టు మన ఇంటిలోనే ఉన్నది. ఒక నోటుపుస్తకం తీసుకొని మీ పేరుతో ప్రారంభించండి. తల్లిదండ్రులు, తాత ముత్తాతల పేర్లు, వారు పుట్టిన ఊళ్లు, ఆడపడుచులు మెట్టిన ఊళ్లు వరుసగా వ్రాయండి. తెలియనిచోట ఖాళీ విడవండి, ఊహించి నింపవద్దు. ఏ సంగతి ఎవరు చెప్పారో పక్కనే గుర్తు పెట్టండి. ఇంటి పెద్దలను ముందుగా అడగండి. కాగితాలు రేపటిదాకా ఆగుతాయి, మనుషులు ఆగరు.

ఇంటిపేరు రెండవ ఆధారం. మన ఇంటిపేర్లలో అనేకం ఊళ్ల పేర్ల నుండి వచ్చినవే. అయితే ఇక్కడి పద్ధతిలో ఇంటిపేరు చివరకు పోయి, కొందరికి పొడి అక్షరంగా మిగిలి, మరికొందరికి మొత్తానికే జారిపోయింది. పాత శుభలేఖలు చూస్తే అది మరల దొరకవచ్చును.

పెద్దలు తేదీలు చెప్పరు. సంవత్సరం పేరు చెబుతారు. మా నాయనమ్మ 'కీలక'లో పుట్టినదట. ప్రభవాది సంవత్సరాలు అరవై ఏండ్లకొకసారి తిరిగి వస్తాయి గనుక అది 1908-09 కావాలి, లేదా 1968-69 కావాలి. 1968లో నేను ఈ బడిలోనే ఎక్కాలు వల్లిస్తున్నాను గనుక చిక్కు సులభంగానే విడిపోయింది! అట్లే ఒడిశాలో 'నఅంక' కరువు అంటే 1866; తెలుగువారు 'ధాత' కరువు అంటే 1876లో మొదలైనది. బడి రికార్డులోని పుట్టినతేదీని మాత్రం గుడ్డిగా నమ్మకండి. చేర్చిననాడు అయ్యవారు దయతో వేసిన తేదీలు మనలో ఎందరికో ఉన్నవి.

ఇక కాగితాలు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేవరకు మన గంజాం జిల్లా మదరాసు రాజధానిలోనిది. కనుక పాత ప్రభుత్వ పత్రాల కొరకు భువనేశ్వరంలోని రాష్ట్ర పురాలేఖాగారంతోబాటు చెన్నై ఎగ్మూరులోని పురాలేఖాగారాన్ని కూడా దృష్టిలో ఉంచుకోవాలి. ఇంటి దస్తావేజులలో సరిహద్దులు, సాక్షుల పేర్లు కూడా చదవండి. సాక్షులు తరచు బంధువులే. పూరీకో గయకో పెద్దలు వెళ్లి ఉంటే అక్కడి పండాల పుస్తకాలలో వారి ఊరు, గోత్రం వ్రాసి ఉండవచ్చును.

నా సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. ఆ కాలంలో మన ప్రాంతం నుండి వేలమంది గోపాలపురంలో ఓడ ఎక్కి రంగూను వెళ్లేవారు. మా తాతగారూ వెళ్లి, తరువాత కుటుంబాన్ని పిలిపించుకొన్నారు. నాయనమ్మ పెట్టెలో ఆయన తమ్మునికి వ్రాసిన కార్డులు దొరికినవి. ఒకదానిపై 'వృష సంవత్సర శ్రావణం' అని ఉన్నది, అంటే 1941. అందులో "చిన్నవాడు నడక నేర్చినాడు" అని ఒక వాక్యం. మా నాన్నగారికి అప్పటికి ఎనిమిదేండ్లు. ఆయనకు తమ్ముడున్నట్లు మేమెన్నడూ వినలేదు.

మా మేనత్తగారిని అడిగాను. ఆమె ఆ రోజు మాట్లాడలేదు. మరునాడు తానే పిలిచి చెప్పినది. 1941 డిసెంబరులో రంగూనుపై బాంబులు పడిన తరువాత, ప్రోము మీదుగా ఆరకాను కొండలు దాటి నడిచి వచ్చారట. దారిలో కలరా. పసివాణ్ణి అక్కడే మట్టిచేసి, నాయనమ్మ మరల వాని పేరెత్తలేదట. "వ్రాయనా అత్తా?" అన్నాను. "వ్రాయి నాయనా, వాడూ మన ఇంటివాడే" అన్నది. ఆమె చెప్పిన పేరు ఇప్పుడు మా వంశవృక్షంలో ఉన్నది. పెద్దలను అడిగేవారు ఓర్పుతో అడగాలి. చెప్పిన మాటను వారి అనుమతితోనే వ్రాయాలి.

ఆ కార్డును మా మనుమరాలికి చూపించాను. తెలివైన పిల్ల, మూడు భాషలు చదువుతుంది. తెలుగు అక్షరం మాత్రం రాదు. తాతగారి వ్రాత దానికి గీతలుగా కనబడినది. నేను కూడా ఈ బడిలో చదవకపోయి ఉంటే ఆ పసివాడు మా ఇంట ఎన్నటికీ పుట్టనివాడే అయి ఉండేవాడు.

తల్లిదండ్రులారా! మీ పెట్టెలలో ఏ కార్డులున్నవో నాకు తెలియదు. వాటిని చదువగలిగేవారు ఒక్కరైనా ఇంటింటా మిగలాలి. ఆ పని ఈ పాఠశాల డెబ్బదియైదేండ్లుగా చేస్తున్నది. మన పిల్లలను ఇక్కడికి పంపడమే దాని ఋణం తీర్చడం. నేను మా మనుమరాలికి ఈ వేసవి నుండి ఓనమాలు మొదలుపెట్టాను.