నాపరాయి – నవీన యంత్రం – చిన్న పరిశ్రమ

కర్నూలు, కడప సీమల పేరు వినగానే మనకు మొదట జ్ఞాపకం వచ్చేది కరవు. వాన చాలక, చెరువు నిండక, పైరు చేతికి రాని ఏడు ఇక్కడి రైతుకు కొత్తది కాదు. కాని, పైన తడి కరవైన ఈ నేల అడుగున ప్రకృతి ఒక నిక్షేపాన్ని దాచి ఉంచినది. అదే నాపరాయి. బయటి ప్రాంతాలవారు దానిని కడప బండ అంటారు. పొలంలో పని లేని ఏట కూడ గనిలో పని దొరుకుతుంది. కాబట్టి ఈ పరిశ్రమ బాగోగులు కొద్దిమంది యజమానుల లాభనష్టాలకు సంబంధించినవి మాత్రమే కావు. ఎన్నో పేద కుటుంబాల అన్నపుకుండకు సంబంధించినవి.

ఈ రాయి స్వభావాన్ని కొంత తెలుసుకొనుట అవసరం. విలియం కింగ్ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు ఈ రెండు సీమల శిలలను పరిశీలించి 1872లో ఒక విస్తృతగ్రంథం ప్రకటించినాడు. అతి ప్రాచీన యుగంలో సముద్రపుటడుగున పొర మీద పొరగా పేరుకొన్న సున్నపురాయి ఇది. కొలిమిగుండ్ల సమీపంలోని బెలుం గుహలను నీరు తొలిచినది ఈ జాతి శిలలోనే. పొరలుగా ఏర్పడినందువల్ల ఇది గునపానికి, చీలకు లొంగి పలకలుగా ఊడి వస్తుంది. సుత్తి, ఉలి తప్ప వేరే సాధనం లేని కాలంలో కూడ మన పెద్దలు దీనిని నేలకు పరచినారు, అరుగులకు వాడినారు.

అయితే రాయి బరువైన సరుకు. బండి మీద ఎంతో దూరం పోలేదు. దానికి దూరపు సంతను చూపినది రైలు. మద్రాసు, బొంబాయి నగరాల రైలుమార్గాలు 1871లో రాయచూరు వద్ద కలిసినవి. ఆ దారి కడప, ఎర్రగుంట్ల, తాడిపత్రుల మీదుగా పోతుంది. ఒక ప్రాంతపు చిన్న వృత్తి పెద్ద వ్యాపారంగా మారుటకు వస్తువు ఒక్కటే చాలదనీ, దానిని మోసే సాధనం కూడ కావాలనీ ఇందువల్ల తెలుస్తున్నది.

తరువాత వచ్చిన మార్పు యంత్రం. 1954లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధనాలయంలో కృత్రిమ వజ్రం తయారైనది. ఆభరణానికి పనికిరాని ఆ సన్నని వజ్రపు రవ్వలే క్రమంగా రాతిని కోసే చక్రాల అంచులకు ఎక్కినవి. సున్నపురాయికి ప్రధానమైన ఖనిజం కాల్సైటు. దాని కాఠిన్యం శాస్త్రజ్ఞుల కొలమానంలో 3; క్వార్ట్జు కాఠిన్యం 7. క్వార్ట్జు కలిసిన గ్రానైటు కంటె నాపరాయి ఎంత సులభంగా తెగుతుందో దీనినిబట్టి ఊహించవచ్చు. అందువల్ల దీనిని కోయుటకు, మెరుగు పెట్టుటకు భారీ యంత్రాగారం అక్కరలేదు. కొద్దిపాటి పెట్టుబడి గలవాడు కూడ ఒక రేకుల షెడ్డు వేసి, ఒక కోతయంత్రం, ఒక పాలిషు యంత్రం అమర్చుకోగలడు. నేటి నంద్యాల జిల్లాలోని బేతంచెర్లలో ఇటువంటి చిన్న కర్మాగారాలు బారులుతీరి కనిపించుటకు ఇది ఒక ముఖ్యకారణం.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. మొదట యంత్రం కొన్నవానికి లాభం వస్తుంది. ఇరుగుపొరుగు వారందరు అదే యంత్రం కొన్న తరువాత ఆ లాభం యజమానికి మిగలదు. చవకధర రూపంలో కొనుగోలుదారునికి పోతుంది. అప్పుడు ఒకరితో ఒకరు పోటీపడి చదరపు అడుగుకు ధర తగ్గించుకొనుట తప్ప వేరే మార్గం తోచదు. యంత్రం ఉన్నంత మాత్రాన పోటీలో నిలువలేమన్నమాట.

ఇంతలో బయటనుండి మరొక పోటీ వచ్చినది. గుజరాతులోని మోర్బీలో తయారయ్యే గచ్చు పలకలు, అనగా టైల్సు, ఇంటింటికి చేరినవి. అవి అన్నియు ఒకే కొలత, ఒకే మందం. పెట్టెలలో భద్రంగా వస్తవి. మేస్త్రీకి పని త్వరగా తెములుతుంది. మన బండలో ఒకటి మందం, ఒకటి పలుచన. రాతి ధర తక్కువైనా పరిచే కూలి పెరుగుతుంది. ఇల్లు కట్టుకొనేవాడు రెండింటిని కలిపే లెక్క చూస్తాడు.

అయితే నాపరాతికి ఉన్న సుగుణం తక్కువది కాదు. టైల్సును వెయ్యి డిగ్రీలకు మించిన వేడిలో కాల్చాలి. అందుకు ఇంధనం కావాలి. మోర్బీలో బొగ్గు వాయువు వాడకాన్ని కాలుష్యకారణంగా జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో నిలిపివేయించినది. నాపరాతిని ప్రకృతియే సిద్ధం చేసి ఇచ్చినది. కోసి మెరుగు పెట్టుటయే మన పని. అరిగిన బండకు మళ్ళీ మెరుగు పెట్టవచ్చు. అరిగిన టైలును తీసివేయవలసినదే. దోషం కూడ దాచరాదు. నిమ్మరసం, చింతపులుసు పడితే సున్నపురాతి మెరుగు చెడుతుంది. ఆ సంగతి ముందుగా చెప్పి, తగిన పూత వేసి అమ్మే వ్యాపారిని జనం నమ్ముతారు.

కనుక మనకు కావలసిన నూతనత్వం మూడు విషయాలలో ఉన్నది. మొదటిది, ఒకే మందం. అడుగుభాగాన్ని సమంగా చెక్కే యంత్రం ఖరీదైనది. ఒక్క చిన్న కర్మాగారానికి దానిని రోజంతా నడిపేటంత పని ఉండదు. పదిమంది కలిస్తే అది ఖాళీగా ఉండదు. చిన్న పరిశ్రమల సముదాయాలకు ఉమ్మడి వసతి కేంద్రాలు నెలకొల్పుటకు కేంద్రప్రభుత్వ పథకం ఉన్నది. ఒకేచోట చేరిన చిన్న పరిశ్రమలు పెద్ద పరిశ్రమకుండే సౌకర్యాలను తమలో తాము కల్పించుకోగలవని ఆర్థికవేత్త ఆల్ఫ్రెడ్ మార్షల్ 1890లోనే వివరించినాడు.

రెండవది, వ్యర్థం. కోతలో వచ్చే రాతిబురద దారిప్రక్కన గుట్టలై, ఎండి, గాలికి లేచి పొలాల మీద పడుతుంది. అది సున్నపురాతి పొడియే. సిమెంటుకు మూలద్రవ్యం కూడ సున్నపురాయే. ఆ కర్మాగారాలు ఎర్రగుంట్ల ప్రాంతంలోను, కొలిమిగుండ్లలోను చేరువలోనే ఉన్నవి. బురదను ఒకచోట చేర్చి, నీటిని వడకట్టి తిరిగి వాడుకొని, పొడిని పరీక్షించి అమ్మే ఏర్పాటు ఒక్కరికి అసాధ్యం; సంఘానికి సాధ్యం. నీరు అరుదైన సీమలో ఈ పని లాభం కొరకే కాక, ధర్మం కొరకు కూడ చేయదగినది. నీటితో కోస్తే ధూళి అణగి కార్మికుని ఊపిరితిత్తులు కూడ కొంత రక్షింపబడతవి.

మూడవది, రాబడి. సరుకు పోయిన తరువాత నెలలకొలది డబ్బు రాకపోవుట చిన్న యజమానిని కుంగదీస్తుంది. నమోదైన సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు ఒప్పందంలో వ్రాసుకొన్న గడువు ఎంతైనా 45 దినాలకు మించకుండా సొమ్ము చెల్లించవలెనని 2006 నాటి చట్టం చెబుతున్నది. ఉద్యమ్ నమోదు చేయించుకొనుట, బిల్లు వ్రాసి ఇచ్చుట అలవాటు చేసుకొన్నవారికే ఈ చట్టం అక్కరకు వస్తుంది. లెక్కపుస్తకం కూడ ఒక పనిముట్టే.

ఆళ్ళగడ్డ శిల్పులు ఇదే సీమలో ఉలితోనే పేరు తెచ్చుకొన్నారు. నైపుణ్యం మన ప్రాంతానికి కొత్త కాదు. కొత్తగా అలవరచుకోవలసినది కలిసి పనిచేయుట, కొలతకు కట్టుబడుట. రాతిని కోసే యంత్రాన్ని డబ్బు పెట్టి కొనవచ్చును; ఈ రెండింటిని మాత్రం మనమే సాధించుకోవలెను. అవి కుదిరిననాడు వాన తప్పిన ఏట కూడ ఈ సీమ యువకుడు ఊరు విడిచి వలసపోవలసిన అవసరం కొంతవరకైనా తగ్గుతుంది.