ప్లీడరు, బారిస్టరు, అడ్వకేటు

కోర్టులో వాదించడం, సలహా చెప్పడం, నోటీసులు, దస్తావేజులు రాయడం, రాజీ కుదర్చడం అన్నీ వకీలు పనులే. ఇంగ్లండులో మాత్రం కక్షిదారుతో మాట్లాడి కాగితాలు సిద్ధం చేసేది ఎక్కువగా సొలిసిటరు, పైకోర్టుల్లో వాదించేది ఎక్కువగా బారిస్టరు. అమెరికాలో ఆ విభజన లేదు. అటార్నీలే రెండూ చూస్తారు. అయితే లైసెన్సు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే ఇస్తుంది.

మన దేశంలోనూ ఒకప్పుడు అంతరాలుండేవి. రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా పేరు తెచ్చుకున్న టంగుటూరి ప్రకాశం గారికి హైకోర్టులో వాదించే అర్హత లేకపోయింది. ఇంగ్లండు వెళ్లి బారిస్టరయ్యాకే మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు పెట్టారు. 1961 నాటి అడ్వకేట్ల చట్టం అందరినీ అడ్వకేట్లనే ఒకే వర్గం చేసింది.

ఇక వకీలు కోసం ఉచిత న్యాయ సహాయం కావాలా? 15100కు ఫోన్ చేయండి. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయ పరిమితి లేదు.