ఔట్‌పుట్ వచ్చింది కదా సార్!

 పట్టాలు అందుకుంటున్న మీ అందరితో నాకో పనుంది. 

కొత్తగా చేరిన ఇంజినీర్ల ప్రోగ్రాములు చదవడం ఏళ్లుగా నా ఉద్యోగంలో భాగం. "ఇలా ఎందుకు రాశావు నాయనా?" అని అడిగితే తరచూ వినిపించే జవాబు ఒకటుంది: "ఔట్‌పుట్ వచ్చింది కదా సార్!" నా బెంగంతా ఆ జవాబు గురించే.

ఒకసారి మా బృందానికి రెండు జాబితాలు వచ్చాయి. ఒక్కోదాంట్లో సుమారు 10 లక్షల ఖాతా నంబర్లు. మొదటిదాంట్లో ఉండి రెండోదాంట్లో లేనివి తేల్చాలి. కొత్త కుర్రాడొకడు పైథాన్‌లో నాలుగు లైన్లు రాశాడు. మొదటి లిస్టులోని ఒక్కో నంబరూ తీసుకుని రెండో లిస్టులో 'ఇన్' పెట్టి వెతకడం, అంతే. వంద నంబర్లతో చూస్తే చిటికెలో జవాబొచ్చింది. అసలు డేటా ఇచ్చి సాయంత్రం ఇంటికెళ్తే తెల్లారినా నడుస్తూనే ఉంది.

లిస్టులో వెతకడమంటే మొదటినుంచి ఒక్కొక్కటే చూసుకుంటూ పోవడం. లేని నంబరైతే చివరిదాకా వెళ్లాల్సిందే. 10 లక్షలను 10 లక్షలతో గుణించండి, లక్ష కోట్లు! రెండో లిస్టును ముందే సెట్‌గా మార్చమన్నాను. ఒక్క లైను చేర్చాడు, సెకన్లలో పని తెమిలింది. సెట్, డిక్షనరీ రెండింటి అడుగునా ఉన్నది హ్యాష్ టేబుల్. విలువను బట్టే అదెక్కడ ఉండాలో లెక్కగడుతుంది కాబట్టి, పోపులపెట్టెలో ఆవాల గిన్నె మీదికి అమ్మ చెయ్యి తిన్నగా పోయినట్టు అక్కడికే పోతుంది.

ఆ కుర్రాడికి హ్యాష్ టేబుల్ తెలియదనుకుంటున్నారా? పరీక్షలో బొమ్మ గీసి మరీ మార్కులు తెచ్చుకున్నాడు. ఆ పాఠం తన ముందున్న నాలుగు లైన్లకు పనికొస్తుందని మాత్రం తట్టలేదు. నాకు దిగులు కలిగించేది అదే. క్యూ గురించి పేజీలు రాస్తారు, తీరా టోకెన్ల ప్రోగ్రాం రాయాల్సి వస్తే లిస్టు మొదటినుంచి పాప్ చేస్తారు. తీసిన ప్రతిసారీ మిగిలినవన్నీ ఒక్కో గడి ముందుకు జరగాలి. దీనికోసమే పైథాన్ కలెక్షన్స్ మాడ్యూల్‌లో డెక్ ఉంది. వాడరేం తల్లీ?

ఆబ్జెక్టుల సంగతీ అంతే. ఎన్‌క్యాప్సులేషన్, ఇన్‌హెరిటెన్స్, పాలిమార్ఫిజం, అబ్‌స్ట్రాక్షన్ అని వైవాలో గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతారు. 1960లలో ఓస్లోలో ఓలె యోహాన్ డాల్, క్రిస్టెన్ నీగార్డ్ సిములా భాషను రూపొందించింది అప్పజెప్పడానికి కాదు. నిజమైన వ్యవస్థలను కంప్యూటర్‌లో నడిపించి చూడాలనుకున్నారు. అందుకు ఒక్కో వస్తువూ తన వివరాలను, తన పనులను తన దగ్గరే పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ ఆలోచనలకే 2001 ట్యూరింగ్ అవార్డు వారిని వరించింది.

మొన్న ఒక ఇంటర్వ్యూలో ఒకమ్మాయి స్టూడెంట్ క్లాస్ రాసింది. మార్కుల ఖాళీ లిస్టును ఇనిట్ లోపల సెల్ఫ్‌కు ఇవ్వకుండా నేరుగా క్లాస్ కిందే పెట్టింది. ఒక్క విద్యార్థితో చూసింది, సరిగ్గానే వచ్చింది. "ఇంకో విద్యార్థిని చేర్చమ్మా" అన్నాను. రెండోవాడికి 40 మార్కులు చేరిస్తే అవి మొదటివాడి దగ్గర కూడా కనిపించాయి. లిస్టు ఒక్కటే, దాన్ని అందరూ పంచుకుంటున్నారు. ఆ అమ్మాయి కంగారు పడకుండా కాగితం మీద రెండు ఆబ్జెక్టులు గీసి, బాణాలు వేసుకుని, లిస్టు ఎక్కడుందో తనే కనిపెట్టింది. ఉద్యోగం ఇచ్చాం. ఎందుకిచ్చామో మీకు అర్థమయ్యే ఉంటుంది.

అమీర్‌పేటలో మరో కోర్సులో చేరడానికి కొందరు ఇప్పటికే ఫీజు కట్టారని విన్నాను. చేరండి, వద్దనను. ఇప్పుడు కోడ్ రాసిపెట్టే ఏఐ పరికరాలూ ఉన్నాయి, వాడుకోండి. కానీ అవి రాసిన లూపులో లిస్టు ఎంత పెరుగుతుందో, ఏ వివరం ఎవరి చేతిలో మారుతుందో అడగాల్సింది మీరే. అడగకుండా నా దగ్గరికి తెస్తే మాత్రం చీవాట్లు పెడతాను!

ఈ వారంలోనే మీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు తెరవండి. లూపు లోపల 'ఇన్' ఎక్కడుందో వెతకండి. డేటాను వెయ్యి రెట్లు పెంచి నడపండి. ఏమైందో ఒక పేజీ రాసి మీ విభాగాధిపతి గారికి ఇవ్వండి. ఆయన నాకు పంపుతానన్నారు. అన్నీ చదువుతాను, జవాబు రాస్తాను.