ముందురాత్రి నానిన పిండి, తేలికైన రాత్రి భోజనం

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం బీజాపూర్ జిల్లాలోని తర్రెం వంటి పల్లెలున్న దక్షిణ బస్తర్ అటవీ సీమలో మడియా పేజ్ తరతరాల నిత్యాహారం. మడియా అంటే అక్కడి వాడుకలో రాగులు, పేజ్ అంటే జావ. రాగిపిండిని ముందురాత్రే నీటిలో కలిపి పులియబెట్టి, మర్నాడు నూకలు ఉడుకుతున్న ఎసరులో పోసి, ఉండ కట్టకుండా కలియబెడుతూ చిక్కబడేదాకా కాస్తారు. పులియడమంటే సూక్ష్మజీవులు పిండిలోని చక్కెరలను ఆమ్లాలుగా మార్చడం. దీనివల్ల ఖనిజాలను ఒంటికి అందనీయని ఫైటేట్ అనే పదార్థం తగ్గి, 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా ఉండే కాల్షియం మరింత బాగా ఒంటబడుతుంది.

రోజంతా పనిచేసి అలసి ఇల్లు చేరే తల్లిదండ్రులకు ఈ పద్ధతి ఎంతో అనుకూలం, ఎందుకంటే ఇందులో సగం పని వారు నిద్రిస్తుండగానే పూర్తవుతుంది. పిండి నానబెట్టడంతోపాటు ఆకుకూరను కూడా ముందే ఏరి, పప్పును పొద్దున్నే నానబెట్టి ఉంచుకుంటే, సాయంత్రం పొయ్యి దగ్గర గడిపే సమయం ఎంతో తగ్గుతుంది. అయితే ఎదిగే పిల్లలకు కావలసినన్ని మాంసకృత్తులు, అనగా కండరాలను పెంచే పోషకాలు, జావ ఒక్కదానితో అందవు గనుక, పప్పునో గుడ్డునో దానికి తప్పక జతచేయాలి.