మనం కట్టే పన్ను ఎవరి వాడకు చేరుతోంది?



పన్నుల మీద, ప్రభుత్వ పాలన మీద పట్టున్న పెద్దలను గురించి మాట్లాడమన్నారు. ఇదేదో ఆడిటర్లకు, సివిల్స్‌కు చదివేవాళ్లకు సంబంధించిన సంగతి అని మన యువత అనుకుంటారు. ఫోన్ రీచార్జి చేయించుకున్న ప్రతిసారీ మీరు 18 శాతం జీఎస్టీ కడుతున్నారు. ఇళ్లలో పాచిపని చేసుకునే అక్క కూడా అదే 18 శాతం కడుతుంది. ఆమె పనిచేసే ఇంటి యజమానికీ అదే రేటు.

ఇలాంటి అన్యాయాన్ని దాదాపు వందేళ్ల కిందటే పట్టి చూపించినవాడు అంబేద్కర్. ఆయన్ని రాజ్యాంగ నిర్మాతగానే తలుచుకుంటాం గానీ, ఆయన మొదట చదివింది ప్రభుత్వాల రాబడి, ఖర్చుల శాస్త్రం. 1913 నుంచి 1916 దాకా న్యూయార్క్ కొలంబియా విశ్వవిద్యాలయంలో ఎడ్విన్ సెలిగ్మన్ దగ్గర చదివారు. ప్రభుత్వం ఒకరి మీద వేసిన పన్ను చివరికి ఎవరి నెత్తిన పడుతుందన్న ప్రశ్న మీద పుస్తకం రాసిన పండితుడు సెలిగ్మన్. బ్రిటిష్ ఇండియాలో రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థ ఎలా పెరిగిందో వివరిస్తూ అంబేద్కర్ రాసిన గ్రంథం 1925లో అచ్చయింది. దానికి ముందుమాట రాసింది కూడా ఈ గురువే.

ఆ చదువు అల్మరాలో ఉండిపోలేదు. 1927 ఫిబ్రవరిలో బొంబాయి శాసనమండలిలో బడ్జెట్ మీద మాట్లాడుతూ అంబేద్కర్ భూమిశిస్తును తప్పుపట్టారు. ఎకరం రైతుకూ జాగీర్దారుకూ ఒకే రేటు ఏమిటని అడిగారు. ఆదాయపు పన్నులో సంపాదన లేనివాడికి మినహాయింపు ఉంది, పంట పోయిన రైతుకు మాత్రం శిస్తు తప్పడం లేదు, ఇదేం న్యాయం అన్నారు. శిస్తు స్థానంలో జీఎస్టీ పెట్టి చూడండి, ప్రశ్న పెద్దగా మారలేదు.

పన్ను వసూలు సగం కథ. ఆ డబ్బు ఎటు పోతుందన్నది మిగతా సగం. దీన్ని పట్టించుకున్న ఇద్దరు అధికారులు మన తెలుగు నేల మీద పనిచేశారు. ఇద్దరూ పుట్టుకతో తెలుగువాళ్లు కారు. పి.ఎస్. కృష్ణన్‌ది కేరళ, ఎస్.ఆర్. శంకరన్‌ది తమిళనాడు. 1956లో ఒకరు, 1957లో ఒకరు ఆంధ్రప్రదేశ్ కేడర్‌లో చేరారు.

శంకరన్ గారు సాంఘిక సంక్షేమ శాఖలో ఉండగా, వెట్టిచాకిరీ నిషేధ చట్టం వచ్చిందని ఊరూరా తిరిగి జీతగాళ్లకే స్వయంగా చెప్పారు. పైవాళ్లకు అది నచ్చలేదు. తరువాత త్రిపుర ప్రభుత్వానికి చీఫ్ సెక్రటరీగా వెళ్లారు. పెళ్లి చేసుకోలేదు, సంపాదనలో చాలా భాగం దళిత పిల్లల చదువులకే ఇచ్చారు. 2005లో పద్మభూషణ్ ప్రకటిస్తే వద్దన్నారు.

కర్ణాటకలో ఉన్నవాళ్లకు ఇంకో సంగతి చెప్పాలి. కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో పాకీపని చేసిన తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ గారికి సఫాయి కర్మచారి ఆందోళన్ నిర్మాణంలో అండగా నిలిచిన పెద్ద దిక్కు ఈ శంకరన్ గారే. 2003లో ఆ సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లింది. మా దగ్గర పాకీపనే లేదని రాష్ట్రాలు అఫిడవిట్లు వేస్తే, వీళ్లు ఊరూరా తిరిగి లెక్కలు, ఫొటోలు తెచ్చి చూపించారు. 2014 మార్చి 27న తీర్పు వచ్చింది. శంకరన్ గారు 2010లోనే కన్నుమూశారు.

ఇక డబ్బు సంగతి. 1970ల చివర కేంద్ర హోంశాఖలో ఉన్న కృష్ణన్ గారు షెడ్యూల్డ్ కులాలకు స్పెషల్ కాంపోనెంట్ ప్లాన్ అనే పద్ధతిని రూపొందించారు. మాట చిన్నది: జనాభాలో మీ వంతు ఎంతో, ప్రణాళిక నిధుల్లో మీ వంతు అంత. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, కర్ణాటక రెండూ 2013లో దీనికి చట్టం చేశాయి.

చట్టం ఉన్నా డబ్బు దారి తప్పుతుంది. 2010లో ఢిల్లీలో కామన్వెల్త్ క్రీడలకు ఈ పద్దు నుంచి వందల కోట్లు మళ్లించారని పార్లమెంటులోనే ఒప్పుకున్నారు. కర్ణాటకలో గ్యారంటీ పథకాలకు 2023-24లో ఇదే పద్దు నుంచి 11 వేల కోట్లకు పైగా చూపించారు. ఆ పథకాల్లో దళితులూ లబ్ధిదారులే కదా అని ప్రభుత్వం వాదన. అందరికీ ఇచ్చేదాన్ని ప్రత్యేకమైన వంతులోంచి ఇస్తే ఇక ప్రత్యేకం ఏముందని నా ప్రశ్న.

మనలో చాలామందికి ఇక్కడ ఒక చేదు నిజం ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులైన దళితులను ఇప్పటికీ చేర్చలేదు. ఆంధ్రలో వాళ్లు బీసీ-సీ. పన్ను వసూలు చేసేటప్పుడు మాత్రం మతం ఎవరూ అడగరు. ఆ లెక్కలో మనం లేం కాబట్టి ఆ లెక్క మనకెందుకు అని కూర్చోవడం నాకు సరిగా కనిపించదు. మన పేటలో కాగితం మీద ఎస్సీ అయినవాళ్లకూ, బీసీ-సీ అయినవాళ్లకూ ఉన్నది ఒకే వీధి, ఒకే మురుగుకాలువ.

అందుకే యువతకు ఒక పని చెబుతాను. కేంద్ర బడ్జెట్ పత్రాల్లో స్టేట్‌మెంట్ 10ఏ అని ఉంటుంది, అది షెడ్యూల్డ్ కులాల కేటాయింపులది. 10బీ తెగలది. ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడొచ్చు. పథకం పేరు చూసి మురిసిపోవద్దు. ఈ సంవత్సరం బడ్జెట్ అంచనా చూసి, నిరుటిది ఏడాది మధ్యలో సవరించి ఎంత చేశారో చూడండి, అంతకుముందు ఏడాది నిజంగా ఖర్చయింది ఎంతో చూడండి. కేటాయించి ఖర్చుపెట్టని డబ్బు అక్కడే బయటపడుతుంది. మీ రాష్ట్ర బడ్జెట్‌లోనూ, మీ మున్సిపాలిటీలోనూ ఇదే వెతకండి. దొరక్కపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. కర్ణాటకలో ఫీజు పది రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దరఖాస్తు ఎలా రాయాలో తెలియనివాళ్లు ఉంటే భోజనాల తరువాత కూర్చుందాం, ఇక్కడే రాసేద్దాం.