కర్ణభేరి బాగున్నా వినపడకపోతే

కర్ణభేరి చక్కగా ఉన్నా వినికిడి తగ్గితే, లోపం నరానిదేనని చాలామంది సరిపెట్టుకుంటారు. ఆ తొందరపాటు వల్ల బాగుపడగల చెవులు కూడా ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతాయి, అదే బాధాకరం. 512 హెర్ట్‌జ్‌ల శృతిదండాన్ని మోగించి చెవి ముందు పెట్టినప్పటికన్నా చెవి వెనుక ఎముకకు ఆనించినప్పుడు గట్టిగా వినపడితే, అడ్డంకి సాధారణంగా శబ్దం నడిచే దారిలోనే ఉంటుంది. ఆ అడ్డంకి ఏమిటో తేల్చడమే అసలు పని. పిల్లల్లో తరచు మధ్యచెవిలో నీరు చేరుతుంది. అప్పుడు గాలి ఒత్తిడితో చేసే టింపనోమెట్రీ పరీక్షలో గీత దాదాపు చదునుగా వస్తుంది. తలకు దెబ్బ తగిలి కూటకం, దాగలి, కర్ణాంతరాస్థి అనే మధ్యచెవి ఎముకల గొలుసు తెగితే కర్ణభేరి వదులై గీత నిటారుగా లేస్తుంది. యౌవనంలో మెల్లగా మొదలయ్యే ఓటోస్క్లెరోసిస్‌లో కర్ణాంతరాస్థి బిగుసుకుపోయి గీత పొట్టిగా రావచ్చు.

అయితే గీత చాలదా అంటారేమో. చాలదు. ఓటోస్క్లెరోసిస్‌లో అది మామూలుగానూ ఉండవచ్చు. అందుకే పెద్ద శబ్దానికి మధ్యచెవి కండరం ముడుచుకుంటుందో లేదో కూడా చూడాలి. ఎముక బిగుసుకుంటే ఆ స్పందన సాధారణంగా కనపడదు. స్పందన నిక్షేపంగా ఉంటే మాత్రం లోపలిచెవి అర్ధవృత్తాకార నాళంపై ఎముక పలచబడి తెరుచుకుందేమోనని స్కాన్‌లో వెతకాలి. అలాంటి చెవిలో కర్ణాంతరాస్థికి ఆపరేషన్ చేసినా వినికిడి మెరుగుపడదు.