మందులున్నా మరణాలెందుకు?

(జహీరాబాద్‌లో విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఎయిడ్స్ మీద సభ అనగానే డిసెంబర్ ఒకటో తారీఖు ర్యాలీ, ఎర్ర రిబ్బను, నాలుగు నినాదాలు గుర్తుకొస్తాయి. మేము ఆ ముచ్చట కోసం రాలేదు. దవాఖానలో చేరి తిరిగి ఇంటికి రాని మనుషుల గురించి మాట్లాడటానికి వచ్చాం.

మన జహీరాబాద్ నుంచి పట్నం పోయే బస్సులో పటాన్‌చెరు దగ్గరికి రాగానే మందుల ఫ్యాక్టరీల వాసన ముక్కుకు తగులుతుంది. హెచ్ఐవి మందులు తయారుచేసి ప్రపంచమంతటికీ పంపే హెటిరో, అరబిందో కంపెనీలు హైదరాబాద్‌వే. 2001లో ముంబైకి చెందిన సిప్లా ఏడాది మందులు 350 డాలర్లకే ఇస్తామని ముందుకొచ్చింది. అప్పటిదాకా పెద్ద దేశాల కంపెనీలు అవే మందులకు పది వేల డాలర్లకు పైగా గుంజాయి. మన దేశంలో 2004 ఏప్రిల్ 1 నుంచి సర్కారు దవాఖానల్లో ఈ మందులు ఉచితంగా ఇస్తున్నారు. మొదట్లో సిడి4 కణాలు 200 కంటే పడిపోతేనో, జబ్బు ముదిరితేనో ఇచ్చేవారు. 2017 నుంచి పరీక్షలో తేలిన ప్రతి ఒక్కరికీ ఇస్తున్నారు. చాలామందికి ఇప్పుడు రోజుకు ఒక్క గోలీ చాలు.

మరి 2021లో దేశం మొత్తం మీద దాదాపు 42 వేల మంది ఎందుకు చనిపోయారు?

మాకు తెలిసిన ఒక అక్క ఉండేది. భర్త ముందే పోయాడు. ఆమె ఏండ్ల తరబడి గోలీలు మింగి మంచిగనే ఉంది. ఒక ఏడు చెరుకు నరకడానికి ఊరు విడిచిపోయింది. తెచ్చుకున్న గోలీలు అయిపోయాయి. కొత్త ఊళ్లో అడగడానికి భయం, తోటి కూలీలకు తెలుస్తుందని. ఇంటికి వచ్చాక తలనొప్పి, జ్వరం, వాంతులు మొదలయ్యాయి. ఆర్ఎంపీ దగ్గర వారం రోజులు సూదులు వేయించుకుంది. తర్వాత ఒక ప్రైవేటు దవాఖాన, అక్కడి నుంచి పట్నం. పట్నంలో గాని తెలియలేదు, మెదడు పొరలకు బూజు పట్టిందని. నాలుగో రోజుకు శవాన్ని తెచ్చుకున్నాం. "తలనొప్పికి గూడ మనిషి సస్తడా?" అని ఆమె తల్లి అడిగింది.

ఆ బూజును క్రిప్టోకాకస్ అంటారు. ఒక్క రక్తపు చుక్కతో పది నిమిషాల్లో పట్టే పరీక్ష ఉంది. క్షయకు మూత్రంతో చేసే లామ్ పరీక్షకు అరగంట కూడా పట్టదు. హెచ్ఐవి ఉన్నవారిని అందరికంటే ఎక్కువగా చంపుతున్నది ఈ క్షయనే. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారిలో క్రిములు చాలాసార్లు గళ్లలో కనబడవు. గళ్ల పరీక్షలో ఏమీ లేదని ఇంటికి పంపిన మనిషి, నెల తిరగకుండానే మోసుకుని వస్తాడు. 2015లో లాన్సెట్ హెచ్ఐవి పత్రిక ప్రపంచవ్యాప్త అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, దవాఖానలో చేరిన హెచ్ఐవి ఉన్న పెద్దవాళ్లలో ఐదుగురిలో ఒకరు అక్కడే ప్రాణం వదిలారు. అంటే మనుషులు ఆలస్యంగా వస్తున్నారు, వచ్చాక కూడా జబ్బేందో తేలడం ఆలస్యమవుతున్నది.

ఆలస్యం ఊరికే కాదు. మందుల కోసం ఒక రోజు పోతే ఆ రోజు కూలీ పోతుంది, బస్సు కిరాయి అదనం. మన వాళ్లు కొందరు కావాలనే సరిహద్దు దాటి బీదర్ పోతారు, ఎవరూ గుర్తుపట్టరని. రోగం ఇక్కడ, ఫైలు అక్కడ. ఆఖరికి సోయి తప్పి ఇక్కడి దవాఖానకు వస్తే, పాత కాయితం ఒక్కటి కూడా డాక్టర్ చేతికి అందదు. ఇట్లా మందులు ఆపినవారిని రిజిస్టర్‌లో 'మధ్యలో మానేసిన కేసు' అని రాస్తారు. ఎందుకు మానేశారో రాసే గడి ఉండదు.

ఇక వివక్ష. హెచ్ఐవి ఉందని వైద్యం నిరాకరించొద్దని, ఒప్పుకోలు లేకుండా పరీక్ష చేయొద్దని, ఆ సంగతి బయటపెట్టొద్దని 2017లో చట్టం వచ్చింది. 2018 సెప్టెంబర్ 10 నుంచి అమలులో ఉంది. ఫిర్యాదు వినడానికి రాష్ట్రానికో అంబుడ్స్‌మన్ ఉండాలని కూడా అందులో రాశారు. ఈ హాల్లో ఉన్న ఉద్యోగ మిత్రుల్లో ఎంతమంది ఆ చట్టం చదివారో చేతులెత్తమంటే మాకే సిగ్గవుతుంది. మేమూ ఆ అక్క పోయినంక చదివినవాళ్లమే.

2021 అంచనాల్లో తెలంగాణ పెద్దవాళ్లలో హెచ్ఐవి 0.47 శాతం, దేశ సగటు 0.21. రెట్టింపు కంటే ఎక్కువ. 2022లో సంగారెడ్డికి సర్కారు మెడికల్ కాలేజీ వచ్చింది, సంతోషం. అయితే తలనొప్పితో పల్లె నుంచి వచ్చిన మనిషి మొదట ఎక్కేది జహీరాబాద్ ఏరియా దవాఖాన మెట్లే.

అందుకే సోమవారం పొద్దున పది గంటలకు సూపరింటెండెంట్ గారిని కలుస్తున్నాం. అడిగేవి మూడే. క్రిప్టోకాకస్, లామ్ పరీక్షల పట్టీలు స్టోర్‌లో ఉన్నాయా? వలస పోయేవారికి మూడు నెలల గోలీలు ఒకేసారి ఇప్పిస్తారా? రాత్రిపూట వచ్చినవాళ్లను చేర్చుకునే బాధ్యత ఎవరిది? విద్యార్థి మిత్రులు పది మంది వస్తే చాలు. ఉద్యోగులు అరపూట సెలవు పెట్టి రండి.